దరువుల పెట్టెకు ఒక బటను

నవంబరు మొదటి మంగళవారం, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా దరువుల పెట్టె స్టార్టు బటను పనిచేయడం మానేసింది. మా గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందు నడుస్తుంది కాబట్టి ఆ నాలుగూ తీసేసే చెబుతున్నాను. అప్పటికి మదీనాగూడలోని మా ఫ్లాటు హాల్లో పదకొండు మందిమి క్రిస్మస్ కీర్తనల సాధనకు కూర్చుని ఉన్నాం. మా ఆయన మొదటి కీర్తన నంబరు పెట్టి స్టార్టు నొక్కారు. చప్పుడు రాలేదు. చెయ్యి వణికే మనిషి కదా, వేలు సరిగా పడలేదేమోనని నేను నొక్కాను. ఆ తర్వాత మాలో అందరికన్నా గట్టి బొటనవేలు ఉన్న ఆవిడ నొక్కింది. బటను లోపలికి వెళ్ళి అక్కడే కూర్చుంది.

దరువుల పెట్టె అనేది మేం పెట్టుకున్న పేరు. అది జపాను వాళ్ళు ముప్పై ఏళ్ళ కిందట చేసిన ఎలక్ట్రానిక్ డ్రమ్ము యంత్రం. బిస్కెట్ల డబ్బా అంత ఉంటుంది. దాని బటన్ల మీద వేలితో ఎలా తడితే అలా గుర్తుపెట్టుకుని, స్టార్టు నొక్కినప్పుడల్లా అచ్చం అలాగే వాయిస్తుంది. మా ఆయన బాలానగర్‌లో ఫిట్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆదివారం ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవారు. చేతికి వణుకు మొదలై, ఇది తగ్గే జబ్బు కాదని డాక్టరు చెప్పాక, ఆ వేసవిలో రోజూ మధ్యాహ్నాలు కూర్చుని ముప్పై ఎనిమిది కీర్తనలకు తన దరువులు ఆ పెట్టెలోకి ఎక్కించారు. మరుసటి వేసవికి ఆ చేతిలో టీ కప్పు కూడా నిలవలేదు. అంటే ఆయన వాయిద్యమంతా ఆ పెట్టెలోనే ఉంది, మరెక్కడా లేదు. దాన్ని ఇంకో చోటికి దింపుకోవాలన్నా ముందు స్టార్టే నొక్కాలి.

మర్నాడు ఆయన చెబుతుంటే నేను మరలు విప్పాను. బటను టోపీ కింద శనగగింజంత స్విచ్చి ఉంది, నాలుగు కాళ్ళతో. అది అరిగిపోయింది. అలాంటివి ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో గుప్పెళ్ళకొద్దీ దొరుకుతాయి గాని, మా దాని ఎత్తు ఏడు మిల్లీమీటర్లు. నేను తిరిగిన మూడు దుకాణాల్లోనూ ఉన్నవి అయిదు, తొమ్మిదిన్నర. అయిదుది పెడితే టోపీకి అందదు. తొమ్మిదిన్నరది పెడితే మూత బిగించగానే ఎవరూ అడక్కుండా వాయించడం మొదలుపెడుతుంది. ఏడుది కావాలంటే మూడో దుకాణం వాడు నన్ను జాలిగా చూసి, "రెండున్నర మిల్లీమీటర్లకు ఏమైతది మేడమ్, అడ్జస్ట్ చేసుకోండి" అన్నాడు.

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి అడిగాను. ఆ గ్రూపులో ఎక్కువమంది మాదాపూర్ కంపెనీల్లో కంప్యూటర్ల మీద పెద్ద పెద్ద పనులు చేసేవాళ్ళు. ఒకాయన, ఇదే శబ్దం ఫోనులో ఉచితంగా వస్తుంది ఆంటీ, ఇది పారేయండి అన్నాడు. ఇంకొకాయన తాను కాఫీ హోటలు పెడుతున్నానని, గోడకు తగిలించడానికి అమ్ముతారా అని అడిగాడు. పనిచేయకపోతే మరీ మంచిదట. మరొకరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అది సానుభూతో, శుభోదయమో తెలియలేదు.

"వీళ్ళనెందుకు అడుగుతావు? బాలానగర్‌లో దొరకనిది ఉండదు. దొరక్కపోతే చేస్తారు" అన్నారు మా ఆయన.

ఆయన దగ్గర ఒకప్పుడు పని నేర్చుకున్నతను ఇప్పుడు అక్కడ సొంతంగా లేతు షెడ్డు నడుపుతున్నాడు. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. అతను స్విచ్చిని అరచేతిలో వేసుకుని నవ్వాడు.

"ఏందమ్మా, గింత దానికి గంత పరేషానా? రాకెట్లకు బోల్టులు చేసి పంపుతం మేం. గిది చెయ్యలేమా?"

"నాకు రాకెట్టు వద్దు నాయనా. ఏడు మిల్లీమీటర్లు చాలు."

"ఏడంటే ఏడే ఉంటది. ఫికర్ చెయ్యకు. జర చాయ్ తాగి పోండి సార్."

వారం తర్వాత ఇచ్చాడు. ఇత్తడితో చేశాడు. మెరుగు పెట్టాడు. అక్కడున్న వెర్నియర్ కొలబద్దతో కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేకుండా ఏడు. ఎటు తిప్పి చూసినా ఒకే ముద్ద.

"మరి నొక్కితే లోపల కరెంటు కలవాలి కదా?" అన్నాను.

"అది ఎలక్ట్రికల్ అమ్మా. మాది మెకానికల్."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన శిష్యుడిని వెనకేసుకొచ్చారు. "నువ్వు ఎత్తు చెప్పావు, ఎత్తు చేశాడు. నొక్కాలని నువ్వు చెప్పలేదు" అన్నారు.

చివరికి మాదాపూర్‌లో ఒక చోటు తెలిసింది. అద్దాల భవనం నాలుగో అంతస్తులో పాత సంగీత పరికరాలకు కొత్త ప్రాణం పోస్తారట. ప్రాణం పోయించుకునే ముందు గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుంది. అతను నా ఫొటో తీసి, ఫోను కెమెరా మీద స్టిక్కరు అంటించి, సంచిలోని పెట్టెను వేలితో చూపిస్తూ "లాప్‌టాపా మేడమ్?" అన్నాడు.

"కాదు బాబూ. డ్రమ్ము."

"కంప్యూటర్ల డ్రమ్ముకు కాలమ్ లేదు. లాప్‌టాప్ అని కొడుత, ఏమనుకోవద్దు. లేకుంటే సాయంత్రం బయటికి తీస్కపోనియ్యరు."

పైన కౌంటర్‌లో ఇరవై అయిదేళ్ళ అమ్మాయి ఉంది. కస్టమర్ల ఆనందానికి మేనేజరునని చెప్పింది. మాట మర్యాదగా ఉంది. వాళ్ళ సొరుగులో ఏడు మిల్లీమీటర్ల స్విచ్చులు నిజంగానే ఉన్నాయి, పనికిరాని ఇంకో పెట్టెలోంచి తీసినవి. నేనే కొలిచి చూశాను. ఒక్కటి మారిస్తే మిగతా పదిహేనూ రేపోమాపో పోతాయి, పదహారూ మారుద్దామంది. అది న్యాయంగానే ఉంది. లోపల ఉన్న దరువులు పోకూడదని నోటితో చెప్పాను. "నోటెడ్ మేడమ్" అంది. నోటి మాట మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఇంటి దగ్గరే, లోపల ముప్పై ఎనిమిది దరువులు ఉన్నాయి, దయచేసి ఏదీ చెరపవద్దు అని గుండ్రటి అక్షరాలతో చీటీలు రాసి, పెట్టెకు పైన ఒకటి, అడుగున ఒకటి అంటించి తీసుకెళ్ళాను.

తర్వాతి శుక్రవారం రమ్మన్నారు. వెళ్ళాను. బటన్లన్నీ టిక్కు టిక్కుమని ఒకే ఎత్తున, ఒకే మెత్తదనంతో ఉన్నాయి. ఒకటో నంబరు పెట్టి స్టార్టు నొక్కాను. దీపం వెలిగింది, చప్పుడు లేదు. రెండు. మూడు. పది.

"బటను బాగుందమ్మా. దరువేది?"

"అది మీరు ఎక్కించుకోవాలి మేడమ్. ఇప్పుడు ఫుల్ ఫ్రెష్‌గా ఉంది, కొత్త బాక్స్ ఓపెన్ చేసినట్టు."

"ముప్పై ఎనిమిది ఉండాలి."

"యా, అవి కస్టమర్ డేటా కదా. స్విచ్‌లు మార్చగానే, టెస్టింగ్‌కి ముందు వైప్ చేసేస్తాం. పాలసీ. మీ డేటా మా వాళ్ళు ఎవరూ చూడలేరు."

"దరువులు చూసేవి కాదమ్మా."

"ఎగ్జాక్ట్‌లీ మేడమ్. ఎవరూ వినలేరు కూడా."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది.

"చీటీలు అంటించాను కదా తల్లీ. రెండు వైపులా."

"అవి చాలా క్యూట్‌గా ఉన్నాయి మేడమ్, మీ హ్యాండ్‌రైటింగ్. మా ఇన్‌స్టాలో పెట్టాం. చాలా లైక్స్ వచ్చాయి."

"ఏముందో చదివారా?"

"తెలుగు మాట్లాడతాం మేడమ్. చదవడమే... మాకు స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్."

చెరపడం ఎలా జరిగిందో కూడా అడిగి తెలుసుకున్నాను. రెండు బటన్లు కలిపి నొక్కిపట్టి కరెంటు ఇస్తే లోపలున్నదంతా పోతుంది. ఆ రెండింటిలో ఒకటి స్టార్టు. అంటే బటను చెడిపోయి ఉన్నన్నాళ్ళూ ఆ దరువులను ఎవరూ చెరపలేకపోయేవారు. వాళ్ళు దాన్ని అంత చక్కగా బాగుచేశారు కాబట్టే చెరపగలిగారు. నేను మెట్రో ఎక్కేలోపే, డేటా పూర్తిగా నాశనం చేయబడినదని ధ్రువీకరణ పత్రం మెయిల్లో వచ్చింది. దాని వెనకే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఇంకొకటి. పనితనానికి అయిదు, మిగతా దానికి సున్నా అని రాశాను. సగటు తీసుకుని మీరు రెండున్నర ఇచ్చారు, ధన్యవాదాలు అని జవాబొచ్చింది.

ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని స్టార్టు రెండు మూడుసార్లు నొక్కి చూశారు.

"మెత్తగా ఉంది. మంచి పని చేశారు" అన్నారు. ఆ రాత్రి అన్నం సగం వదిలేశారు.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ ఎక్కిస్తానని కూర్చున్నారు. ఒక దెబ్బ వేయబోతే వేలు మూడు వేసింది. పెట్టె మూడింటినీ నమ్మకంగా రాసుకుంది. తప్పిన దెబ్బలను సరిచేసే ఏర్పాటు కూడా ఆ పెట్టెలో ఉంది. మొదటిసారి ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు నేనే పెట్టెతో వచ్చిన పుస్తకం చూసి దాన్ని పెట్టాను. వణుకంతా పోయి దెబ్బలు గీత గీసినట్టు పడ్డాయి.

ఆయన చివరిదాకా విన్నారు. "నా దాంట్లో మూడో దెబ్బ కాస్త ఆగి పడేది. పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకోవాలి కదా" అన్నారు.

"ఇది మరీ చెడ్డగా లేదండీ."

"చెడ్డగా లేదు. ఇది నాది కాదు, అంతే."

రెండు బటన్లు కలిపి ఎలా నొక్కాలో అడిగారు. చూపించాను. వణికే చేత్తోనే నొక్కిపట్టారు. కరెంటు తీగ నేను గుచ్చాను.

క్రిస్మస్‌కు చప్పట్లతో పాడాం. మూడో దెబ్బ దగ్గర ఆగేవాళ్ళు లేక ప్రతి కీర్తనా తొందరగా అయిపోయింది. పాస్టరుగారు, ఈసారి కార్యక్రమం చురుగ్గా సాగిందని మెచ్చుకున్నారు. ఆ తర్వాత మా వాళ్ళ ఫోన్లలో ఉన్న పాత సాధనల రికార్డులన్నీ తెప్పించుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే విన్నాను. పదకొండు గొంతులు, మా వంటింటి కుక్కరు, పై అంతస్తు వాళ్ళ కుర్చీలు బాగా వినబడుతున్నాయి. దరువు మాత్రం రెండింటిలోనే తెలుస్తోంది.

పోయినవి ఇవి. పాత స్విచ్చులు పదహారు. వాటిలో చెడ్డది ఒకటి, మంచివి పదిహేను, ఏదీ తిరిగి ఇవ్వలేదు. కీర్తనల దరువులు ముప్పై ఎనిమిది. రికార్డుల్లో దొరికినవి రెండు, అందులో ఒకటి పల్లవి వరకే. పూర్తిగా పోయినవి ముప్పై ఆరు.