అమ్మ కొట్టనివ్వని కమాను

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు పాతబస్తీ యాకుత్‌పురాలోని మా ఇంట్లో వంటిల్లు లేదు... పెరట్లో ఒక మూల రెండు పొయ్యిలు, పైన టార్పాలిన్ పట్టా. వానొస్తే అమ్మ ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో పప్పు కలిపేది.

బాపు రెండు బర్రెలను సాకి పాలు పోసేవాడు. నేను ఆరో తరగతిలో ఉండగా ఎట్టకేలకు ఇటుకలు, సిమెంటు దింపించాడు. వెనకగది మందపాటి గోడ పడగొట్టి, పెరట్లోకి జరిపి విశాలమైన వంటిల్లు కట్టాలని అనుకున్నాడు.

ఖాజా మేస్త్రి గడ్డపారతో రెండు దెబ్బలు వేశాడో లేదో, సున్నం పొరలు పొరలుగా రాలింది... లోపల నల్లరాతి కమాను. దాని చుట్టూ నున్నటి నీలం పెంకులు, ఇప్పటి టైల్స్ లాంటివే, కానీ చేత్తో పసుపు పూలు వేసినవి. కింద ఒక చిన్న అరుగు.

మేస్త్రి గడ్డపార పక్కన పెట్టి, పొయ్యి దగ్గరున్న అమ్మను పిలిచాడు. "భాభీ, ఇది ఇంటి గోడ కాదు. మస్తు పాతది. ఈ అరుగు మీద ఒకప్పుడు మొహర్రంకు పీర్లను నిలబెట్టినట్టున్నరు."

"పాతదైతే ఏంది? సిమెంటు గడ్డ కడ్తది. కొట్టు భాయ్," అన్నాడు బాపు.

అమ్మ పిండి చేతులతోనే వచ్చి అరుగుకు అడ్డంగా నిలబడింది.

"మా ఊర్ల పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ ఆడినదాన్ని. గిది కొట్టి కట్టిన వంటింట్ల నేను పొయ్యి ముట్టియ్య."

"పదేండ్ల సంది వంటిల్లు వంటిల్లని నా పానం దీసింది నువ్వు గాదా?"

"నేనే. ఇప్పుడు వద్దంటున్నది గూడ నేనే."

మూడు రోజులు ఇద్దరి మధ్య మాటల్లేవు... అటు మాట ఇటు చేరవేసింది నేనే. నాకు అమ్మ మీదే కోపం. వానలు మొదలయ్యాయి, ఆ పెంకుల కోసం మళ్లీ తడవాలా అని ఏడ్చాను కూడా. అమ్మ మెత్తబడలేదు.

నాలుగో రోజు మేస్త్రి దారం పట్టి పెరడంతా కొలిచాడు. "గోడను ముట్టకుండ పక్కకు కడ్త. జర చిన్నగైతది భాభీ."

"ఒక్కదాన్నే గదా వండేది. కట్టు," అంది అమ్మ.

బాపు బర్రెల కొట్టంలోంచి రెండడుగుల జాగా తనే కొలిచి ఇచ్చాడు...

ఆ వంటింట్లో ఒక్కరే నిలబడగలరు. అమ్మ చివరిదాకా అందులోనే వండింది. వారానికోసారి తడిగుడ్డతో పెంకులు తుడిచేది. పీర్ల పండుగకు ఊదు వేసేది. గల్లీలోని ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు వచ్చి అరుగు ముందు కాసేపు కూర్చునేవారు... వాళ్లకు షర్బత్ కలిపింది బాపే.

ఇప్పుడు ఆ ఇల్లు నా చేతికొచ్చింది. పోయిన నెల ఒక బిల్డర్ నాలుగంతస్తుల ప్లాన్ తెచ్చాడు. "ఆ గోడ ఒక్కటి తీసేస్తే పార్కింగ్ వస్తది మేడం."

"గోడ ఉంటది. దాని చుట్టూ కట్టగలిగితే రాండ్రి," అన్నాను.

మళ్లీ రాలేదు. ఇంకొకరిని అడుగుతాను... ఎవరూ ఒప్పుకోకపోతే ఉన్న ఇల్లే బాగు చేయించుకుంటాను.

మా గల్లీలో ఇప్పుడు అన్నీ కొత్త ఇళ్లే. ఎక్కడ ఏముండేదో చెప్పేవాళ్లు కూడా తగ్గిపోయారు... మీ ఇంట్లో ఎవరైనా ఇలా పట్టుబట్టి నిలబెట్టినది ఏదైనా మిగిలి ఉందా? ఉంటే, వాళ్ల గురించి కింద రెండు మాటలు రాయండి.