శనివారం తాళం

నిన్న శనివారం జమ్మలమడుగులో మాజీ సైనికుల సంఘం గది ముందు నుంచి పోతూ, తలుపుకున్న తాళం చూసి నాలో నేనే నవ్వుకున్నాను.

చిన్నప్పుడు మా జేజినాయన, అంటే మా తాత, సాయంత్రం పూట నన్ను ఆ గదికి తీసుకుపోయేవాడు. ఆయన సైన్యంలో సుబేదారుగా చేశాడు. గదిలో ఇత్తడి పాలిష్ వాసన, బీడీల వాసన కలిసిపోయి ఉండేవి. శనివారం మాత్రం గది తెరిచేవాళ్లు కాదు. ఎందుకని అడిగితే, "ఆ పొద్దు ఎజ్రాకు సెలవు" అన్నాడు జేజినాయన.

ఎజ్రా తాత బొంబాయి యూదుడు. భార్యకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చి, ఈ ఊరివాడైపోయాడు. ఒక్కడి సెలవుకు అందరూ గది మూసుకుంటున్నారంటే ఆయనే అందరికీ పెద్ద ఆఫీసరని నా నమ్మకం. కనిపించినప్పుడల్లా కాళ్లు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టేదాన్ని. ఆయనా అంతే గంభీరంగా తిరిగి కొట్టేవాడు.

ఒకరోజు అందరి ముందే అడిగేశాను. "తాతా, నువ్వు కర్నలా?"

గదంతా నవ్వింది. "కర్నలేందిమ్మా, మీ జేజినాయన పటాలంలో వంటోన్ని. రొట్టెలు కాలుస్తాంటి" అన్నాడు ఎజ్రా తాత.

నా మొహం చిన్నబోయింది. అది చూసి జేజినాయన కుర్చీలోంచి లేచి, ఎజ్రా తాతకు నిటారుగా సెల్యూట్ కొట్టాడు.

"పాప చెప్పింది నిజమేప్పా. సరిహద్దు కొండల్లో ఆ మంచులో మాకు వేడి రొట్టె పెట్టినోడు కర్నలు కాకుంటే ఇంకెవరు?"

యూదులు శనివారం పని ముట్టరని, ఎజ్రా లేకుండా కూర్చోకూడదని వీళ్లు సంఘం పెట్టిన రోజే అనుకున్నారని నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. శనివారం ఆ తాళం మాత్రం ఇంకా ఎవరూ తీయరు. రోడ్డు మీద జనం చూస్తున్నా సరే, కాళ్లు దగ్గరికి చేర్చి దానికొక సెల్యూట్ కొట్టి వచ్చాను.