“ఇంకా శానా దూరముండాది” అన్నాను

2022 మార్చి 13, ఆదివారం, ఉదయం పదీ ఇరవై. ఆ నిమిషం నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మూడే మాటలు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

జిమ్మీని బంగారుపాళ్యం నుంచి నెలల కుక్కపిల్లగా బుట్టలో పెట్టుకుని తెచ్చింది నేను. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి పెరుగన్నం కలిపి పెట్టింది నేను. సూదిమందుల తేదీలు రాసిపెట్టుకున్నదీ నేనే. కానీ ఆదివారం నా తోడికోడలు సరోజ వరండాలో చాప పరిచి దువ్వెన పట్టుకుంటే చాలు, ఆ తెల్లకుక్క పోయి ఆమె ఒడిలో వెల్లకిలా పడేది. చిక్కులు తీయడం, శనగపిండి రుద్ది నీళ్లు పోయడం, గోళ్లు కత్తిరించడం, అన్నీ ఆమే. నేను పిలిస్తే తోక ఒకసారి ఆడించి అక్కడే ఉండేది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషిని, కుక్క నా ఒడికి రాలేదని కుళ్లుకున్నానా? కుళ్లుకున్నాను.

తెల్లకుక్కల గోరు లోపల ఎర్రటి నరం కనిపిస్తుంది. కత్తెర దాని దాకా పోకూడదు. చక్కెర జబ్బుతో సరోజ చూపు మందగించింది కాబట్టి ప్రతిసారీ నన్నడిగి కత్తిరించేది.

“కదలద్దురా పెండ్లికొడకా! పిండి రుద్దినా, నీళ్లు పోసినా, ఇంక తాళి ఒగటే తక్కువ,” అని జిమ్మీతో నవ్వుతూ, “అక్కా, ఎరుపు యాడిదాకా ఉండాదో సూడు,” అంది.

చూశాను. ఎరుపు కత్తెర అంచు కిందే ఉంది.

“ఇంకా శానా దూరముండాది.”

“నిజంగానా? నాకు మసగ్గా ఉండాదక్కా.”

“నేను సూస్తా ఉండాను గదా. కత్తిరించు.”

జిమ్మీ అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. రక్తం కారుతున్న కాలితో పరుగెత్తి వచ్చి నా కుర్చీ కింద దూరింది. నా దగ్గరికి వచ్చింది. అప్పుడు నాకు కలిగింది సంతోషమే. ఇన్నాళ్లూ నేను దాచింది అబద్ధాన్నా, ఆ సంతోషాన్నా?

“నా కండ్లు పాడుగాను,” అని సరోజ ఏడ్చింది. ఆమె తెచ్చిన పసుపును నేనే గాయానికి అద్దాను. “పోనీలే, ఎవరికైనా జరుగుతాది,” అని పెద్దమనసుతో ఓదార్చాను. నా తప్పుకు ఆమెను క్షమించాను. అంతకంటే నీచం ఉంటుందా?

ఆ తర్వాత దువ్వెన చప్పుడైతే జిమ్మీ దాక్కునేది. సరోజ కత్తెర, దువ్వెన నా చేతికిచ్చేసింది. నేను దువ్వితే జిమ్మీ నిలబడేది, బిగుసుకుని. ఒక్కనాడూ వెల్లకిలా పడుకోలేదు. ఏ చనువు కోసం అబద్ధమాడానో అది నాకూ దక్కలేదు.

జిమ్మీ చివరి రోజున సరోజ గడప దగ్గరే కూర్చుంది. “నేను ముట్టుకుంటే బెదురుతాడేమో అక్కా,” అంది. అప్పుడైనా చెప్పాల్సింది.

ఇప్పుడు ఆమెకు చదివేంత చూపు లేదు. అది తెలిసే రాస్తున్నానా? కావచ్చు. అయినా మొదటిసారి అబద్ధం నా బయట, కాగితం మీద ఉంది. ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. క్షమించమని అడగను.

జిమ్మీ పోయింది 2024 సెప్టెంబరు 4, బుధవారం. మధ్యలో నూట ఇరవై తొమ్మిది ఆదివారాలు. గోరు నెలలో మళ్లీ పెరిగింది. ఆ ఆదివారాల్లో ఒక్కటి కూడా సరోజకు దక్కలేదు.