అప్పల్రాజు కాలికి నేను పెట్టిన పత్యం

ఒక మంచి మనిషి కడుపు మాడ్చి, మాడ్చినందుకు వీధంతా మెప్పు పొందిన ఘనత నాది. ఆ మనిషి మా ఆయన అప్పల్రాజు. ఆయన పోయి నాలుగేళ్లయింది. అడ్డుపడి వెనకేసుకొచ్చేవాళ్లు లేరు కాబట్టి నా పరువు నేనే తీసుకుంటున్నాను, వినండి.

నాకప్పుడు ఇరవయ్యేళ్లు. కె.కోటపాడు దగ్గర పల్లె నుంచి చోడవరం పక్క ఊరికి కాపురానికొచ్చి మూడు నెలలు. చెరుకు కొడుతుంటే కత్తి జారి ఆయన పిక్క తెగింది. చోడవరం ఆసుపత్రిలో ఏడు కుట్లు వేశారు. డాక్టరుగారు నన్ను పిలిచి, "రోజూ పప్పు, గుడ్డు, పాలు, పళ్లు బాగా పెట్టమ్మా. గాయం పూడాలంటే తిండే మందు" అని చెప్పారు. బుద్ధిగా తలూపాను. ఆటో ఎక్కగానే ఆ మాటలు గాలికి వదిలేశాను. ఆయన చదివింది డాక్టరీ అయితే కావచ్చు, నేను చదువుకున్నది మా అమ్మమ్మ దగ్గర!

పప్పు తింటే చీము పడుతుంది. గుడ్డు వేడి చేస్తుంది. వంకాయ తింటే దురద. ఇక చేప పేరెత్తితే చాలు, కుట్లు వాటంతటవే ఊడొస్తాయి. ఇవన్నీ తీసేస్తే కంచంలో మిగిలింది తెల్లన్నం, మిరియాల చారు. ఆ చారు ఎంత పలచనంటే, అందులో చూసుకుంటూ ఆయన మీసం దువ్వుకోవచ్చు.

"ఏటే ఇది?" అన్నాడు.

"పత్తెం మావా."

"నిన్నా ఇదే కదేటి?"

"రేపూ ఇదే. పుండు మానాలా, వొద్దా?"

ఆరడుగుల మనిషి, కిక్కురుమనకుండా తిని లేచాడు.

ఎనిమిదో రోజు కట్టు విప్పితే గాయం అంచులు కలవలేదు, పాలిపోయి ఉన్నాయి. డాక్టరుగారు మొహం చిట్లించారు.

"ఏం తింటున్నావయ్యా?"

మా ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు.

"అన్నీ తింతన్నానండి. మా ఇంటిది గుడ్లూ పప్పూ బాగానే పెడతంది."

షుగరేమోనని పరీక్ష చేయించారు. అదీ లేదు. "ఇలాగే ఉంటే మళ్లీ కోసి కుట్టాల్సి వస్తుంది" అన్నారు. నేను హడలిపోయాను. హడలిపోయి ఏం చేశానంటారు? చారులో ఉప్పు కూడా తీసేశాను!

ఆ తర్వాత జరిగింది వింత. వారం తిరిగేసరికి గాయం పూడటం మొదలైంది. ఆయన రోజూ పొద్దున్నే, "కాలాడించకపోతే బిగిసిపోద్దే" అంటూ కుంటుకుంటూ వెళ్లి షేర్ ఆటో ఎక్కేవాడు. మధ్యాహ్నం వచ్చి ఉప్పులేని నా చారు వంక పెట్టకుండా తాగేవాడు. పైగా "బాగుందే" అనేవాడు. బుగ్గలు కూడా నిండాయి. మూడు వారాలకల్లా కాలు శుభ్రంగా మానింది.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. కుళాయి దగ్గర, కొట్టు దగ్గర, ఎవరు దొరికితే వాళ్లకి నా పత్యం మహిమ చెప్పాను. ఒకరోజు పక్కింటి రమణమ్మ వదిన వచ్చింది.

"మా యమ్మకి ఆపరేసనయిందే. నీ పత్తెం కాస్త సెప్పవే."

పీట వాల్చుకుని కూర్చున్నాను. "పప్పు ముట్టనీకు వదినా. గుడ్డు వాసన కూడా తగలనీకు. పాలు..."

అరుగు మీదున్న మా ఆయన గబుక్కున లేచి లోపలికొచ్చాడు. "రమణమ్మా, దీని మాట ఇనకు. ముసిల్ది సచ్చిపోద్ది."

"అదేటి మావా! మరి నీ కాలు దేంతో మానింది?" అన్నాను.

తల గోక్కున్నాడు. "గుడ్లతో. బస్టాండు కాడ బండి మీద రోజుకి నాలుగు. ఆ పక్కనే హోటల్లో పప్పన్నం కూడా తినీసేవోణ్ణి."

"మరి నా చారు?"

"అదీ తాగేవోణ్ణే గదే. తిన్నది అరగడానికి బాగుండేది."

రమణమ్మ వదిన నవ్వి నవ్వి గోడకి చేరగిలబడిపోయింది. ఆవిడ వెళ్లాక నేను ఏడుపు మొదలెట్టాను.

"ఆరోజే డాట్రుగారికి నిజం సెప్పొచ్చు కదేటి?"

"అంతమందిలో నిన్ను తిట్టీవోడే. కొత్తగా కాపరానికొచ్చిన గుంటవి. కుట్లంటావా, మళ్లీ ఎయ్యొచ్చు."

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో పప్పు లేని పూట లేదు. ఉప్పెక్కువైందనీ, గుడ్డు సరిగ్గా ఉడకలేదనీ ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. ఇప్పుడు నా చారు నిజంగానే బాగా కుదురుతోంది. ఏం లాభం? బాగాలేనప్పుడు బాగుందన్న మనిషే లేడు. వీధి మలుపులో షేర్ ఆటో ఆగితే ఇప్పటికీ నా చెవి అటే పోతుంది.

కాబట్టి సమస్త జనులకూ విన్నవించుకునేదేమంటే, ఇకమీదట ఏ గాయానికీ, ఏ జన్మలోనూ నేను పత్యం పెట్టను. ఆయన మీద ఒట్టు. ఆయనున్నన్నాళ్లూ, ఆయనకేమైనా అవుతుందేమోనని ఆయన మీద ఒట్టు వేయడానికి భయపడేదాన్ని. ఇప్పుడా భయం లేదు.