పళ్ళెం అంచు మీద ఊరు

మా స్టీలు సామాన్ల కొట్టులో పేర్లు కొట్టే పని నాది. పెళ్ళికూతురికి సారె ఇచ్చేవాళ్ళు, గృహప్రవేశానికి బిందె పట్టుకెళ్ళేవాళ్ళు, పోయినవాళ్ళ జ్ఞాపకంగా గుడికి గంగాళం ఇచ్చేవాళ్ళు, ఎవరైనా సరే సామాను తీసుకున్నాక నా బల్ల దగ్గరికొచ్చి ఒక చీటీ ఇచ్చేవారు. అందులో ఇచ్చేవారి పేరు, ఊరు, తేదీ రాసి ఉండేవి. పెన్నులా పట్టుకునే కరెంటు మిషనుతో వాటిని అంచు మీద చెక్కి ఇచ్చేదాన్ని. మా వైపు పేరు లేని గిన్నె ఇస్తే ఇచ్చినట్టే కాదు. పేరుండి ఊరు లేకపోతే ఇంకా నామోషీ.

ఆ పని పద్దెనిమిదేళ్ళు చేశాను. బళ్ళో నా దస్తూరీ బాగుండేది. ఆ ఒక్క అర్హతతో పెళ్ళయిన రెండో నెలలోనే మా ఆయన నా చేతిలో మిషను పెట్టాడు. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఊళ్ళోవాళ్ళే కాబట్టి నేను ఎక్కువసార్లు చెక్కిన మాట మా ఊరి పేరు, నరసన్నపేట. ఎన్నిసార్లో నాకు తెలీదు. కొన్నాళ్ళకి చెయ్యి దానంతటదే రాసుకుపోయేది, నేను సాయంత్రం కూర గురించి ఆలోచించుకునేదాన్ని.

నాది మేనరికం. మా ఆయన మేనమామ కొడుకే, ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఉన్నది ఒక్క వీధి. అప్పగింతలప్పుడు అందరూ నా మొహం వైపు చూస్తూ నిలబడ్డారు, ఇప్పుడు ఏడుస్తుంది, ఇంకాసేపట్లో ఏడుస్తుంది అని. ఏడవడానికి కూడా కాస్త దూరం ఉండాలి కదా. మలుపు తిరిగితే అత్తవారిల్లు వచ్చేసింది. మా పిన్ని చెవి దగ్గరకొచ్చి, "ఒసే, కొంచెమైనా ఏడవ్వే, బాగోదు" అంది. ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న కొబ్బరిబొండాం బరువు మాత్రం గుర్తుంది.

వేరే ఊళ్ళకి కాపరానికి వెళ్ళిన నా స్నేహితురాళ్ళ వంటిళ్ళలో సారె గిన్నెలు ఇట్టే తెలిసిపోతాయి. అంచు మీద నరసన్నపేట అని ఉంటే అది పుట్టింటిది. దాన్ని తోమేటప్పుడు కొంచెం నెమ్మదిగా తోముతారు, నేను చూశాను. నా వంటింట్లో ఏ గిన్నె తిప్పినా నరసన్నపేటే. నాన్న ఇచ్చిందేదో మామయ్య కొన్నదేదో పేరు చదివితే గాని తెలీదు.

ఊరు వదిలి పోదామని బావని మొదటిసారి అడిగింది పెళ్ళయిన ఏడాదికి. ఆ తర్వాత అడగని ఏడాది లేదు. ఎందుకే అంటే చెప్పలేకపోయేదాన్ని. పేటలో నాకు జరిగిన అన్యాయం ఏమీ లేదు. ఏమీ జరగకపోవడమే నా గొడవ. బయటికి అడుగుపెడితే ఎవరో ఒకరు ఆపి, ఈ పూట ఏం కూర అంటారు. చెప్తే, అందులో ఏం వేశావంటారు. అదీ చెప్తే, మా ఇంట్లో అలా తినరు అంటారు. నాకు పదేళ్ళప్పుడు సందు మొదట్లో ఉన్న గుంట ఇప్పటికీ అక్కడే ఉంది, దాన్ని తప్పించుకుని నడిచే తీరు కూడా మారలేదు. హైవే మీద బస్సు కండక్టరు విశాఖపట్నం, విశాఖపట్నం అని కేకేస్తుంటే, అది నన్నే పిలుస్తున్నట్టు ఒకప్పుడు గుండె కొట్టుకునేది. తర్వాత అదీ పోయింది.

మా ఊరివాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఊరిని మెచ్చుకునేవాళ్ళందరూ ఊరు వదిలినవాళ్ళే. బెంగళూరు నుంచి ఒకాయన మన పేట నీళ్ళ రుచి ఎక్కడా రాదంటాడు. మా వీధి బోరు మోటారు కాలిపోయి రెండురోజులుగా బిందెలు మోస్తున్నామని ఆయనకి తెలీదు. హైదరాబాదు నుంచి ఒకావిడ వానలో తడిసిన మా బజారు ఫోటో ఎక్కడో సంపాదించి పెట్టి, కింద స్వర్గం అని రాసింది. ఆ వానకే కరెంటు పోయి నా మిషను సాయంత్రం దాకా తిరగలేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళం చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకునేవాళ్ళం. "అంత గొప్ప ఊరైతే ఎందుకు పోయారు?" అని ఒకసారి రాసి, పంపకుండా చెరిపేశాను. లేని గొప్ప అంటగట్టి ఊరిని మోస్తున్నారని నాకు ఒళ్ళుమంటగా ఉండేది. ఎవరైనా నిజంగా ఇష్టపడి ఉంటే ఇక్కడే ఉండేవారు కదా అనుకునేదాన్ని.

నిరుడు వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ మామూలుగా చెప్పినట్టు చెప్పాడు. "విశాఖపట్నం మధురవాడలో కొత్త కాంప్లెక్సులో కొట్టు ఒకటి ఖాళీగా ఉన్నాదట. తెలిసినోళ్ళదే. ఇక్కడ కొట్టు తమ్ముడు సూసుకుంటాడు. ఎల్దామా?"

నేను కలుపుతున్న ముద్ద అలాగే ఉంది.

"అలా సూస్తావేటే. ఇన్నేళ్ళూ పోరుపెట్టింది నువ్వే కదా. నువ్వు ఊఁ అంటే ఎల్దాం, కాదంటే మానేద్దాం. శనారం లోపల ఆళ్ళకి మాట సెప్పాలి."

పదిహేడేళ్ళు అడిగిన మాట పళ్ళెంలోకి వచ్చి పడింది. సంతోషం ఉందేమోనని లోపల వెతుక్కున్నాను, దొరకలేదు. పోనీ భయమో బెంగో ఉందేమోనని చూశాను, అవీ లేవు. పళ్ళ డాక్టరు సూది పొడిచాక చెంప పట్టుకుంటే మనది కానట్టు ఉంటుందే, అలా ఉంది. సోమవారం అడిగాడు. మంగళవారం అడిగాడు. అడిగినప్పుడల్లా "సెప్తానుండు బావా" అన్నాను. నా నోటితో ఒక్క ఊఁ అంటే చాలు, మా బతుకు మారిపోతుంది. ఆ ఒక్కటీ రావడం లేదు.

ఆ వారమే భావనపాడు నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళి సామాన్లకి వచ్చాడు. సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. మిగతా సామాన్లతో పాటు నలభై పళ్ళేలు తీసుకుని, అన్నిటి మీదా తన పేరు, ఊరు ఉండాలన్నాడు. చీటీ ఎవరిచేతో అందంగా రాయించి తెచ్చాడు. గురువారం పొద్దున్నే కూర్చుని నలభైయ్యీ చెక్కేశాను. చీటీ మొదటి పళ్ళేనికి ఒకసారి చూశాను. పేరు దాకానే చూసినట్టున్నాను. నా బుర్రలో ఊఁ, ఊఁహూఁ తిరుగుతున్నాయి, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

మధ్యాహ్నం ఆయన పెళ్ళికూతుర్ని వెంటబెట్టుకుని సామాను పట్టుకెళ్ళడానికి వచ్చాడు. పెళ్ళి ఆదివారం. ఆ పిల్ల పై పళ్ళెం తీసి, అంచు చదివి, పకపకా నవ్వింది.

"నాన్నా, ఇటు సూడు. మనల్ని పేటోళ్ళని సేసీసినారు."

నేను లేచి చూశాను. పెద్దాయన పేరు, కింద నరసన్నపేట. రెండోదీ అంతే. అన్నీ అంతే. స్టీలు మీద చెక్కింది చెరగదు, అరగదీస్తే మచ్చ పడుతుంది. పద్దెనిమిదేళ్ళలో ఇలాంటి తప్పు నేను చేయలేదు. సిగ్గుపడాలని తెలుసు, అది కూడా ఎక్కడో దూరంగా ఉండి రావడం లేదు.

బావ సర్దిచెప్పబోయి ఇంకా పాడుచేశాడు. "పోనీ బాబాయ్, మీరు సామాన్లకొచ్చే పెద్ద ఊరు పేటే కదా. పేరుకి గొప్పగానే ఉంటాది."

"అంటే మా ఊరేటి, సముద్రంలో కలిసిపోనాదా?" అన్నాడు పెద్దాయన.

పిల్ల తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "ఉండనీ నాన్నా. పేట పిల్లనంటే మంచిదే కదా. ఇక్కడ ఏటి కావాలన్నా దొరుకుతాది. మన ఊర్లో ఏటున్నాది సెప్పు."

ఆయన కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. పళ్ళెం నా బల్ల మీద పెట్టి, నెమ్మదిగా నాతోనే అన్నాడు.

"మా ఊరు బాగుంటాదని కాదమ్మా. ఏటీ బాగోదు. ఆ గాలికి ఇనప మేకు ఆర్నెల్లు నిలవదు. తుపానొస్తే ఇల్లొగ్గీసి బడికాడికి పరుగెట్టాలి. గానీ ఇది పుట్టింది అక్కడ. బాగున్న ఊరు రాసుకుంటామేటి? పుట్టిన ఊరు రాసుకుంటాం."

"తప్పు నాదే బాబాయ్," అన్నాను. "కూకోండి. సాయంత్రం బస్సుకి అన్నీ కొత్తవి రాసిచ్చేస్తాను."

బావ కొత్త పళ్ళేలు దింపాడు. పెద్దాయన స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. భావనపాడు అన్న మాట నా చేతికి అలవాటు లేదు. ప్రతి అక్షరం దగ్గరా ఆగాలి, చీటీ చూడాలి, మళ్ళీ చెక్కాలి. ఒక్కొక్కటి అవగానే ఆయన తీసుకుని, భుజం మీది తువ్వాలుతో రజను తుడిచి, ఎండకి పట్టి చూసి, కూతురికి అందించేవాడు. ఆయనకి చదువు రాదని సగంలో తెలిసింది. తన ఊరు ఎలా ఉంటుందో ఆకారాన్ని బట్టి పోల్చుకుంటున్నాడు. మొదట్లో చీటీ పక్కన పళ్ళెం పెట్టి కొలిచాడు, తర్వాత చీటీ అక్కర్లేకపోయింది.

ఇరవై పళ్ళేలు దాటాక నాకు ఒక సంగతి తెలిసింది. నేను నా ఊరి పేరుని ఎప్పుడూ ఇలా చూడలేదు. పేటంటే నాకు విసుగని ఇన్నేళ్ళూ అనుకున్నాను. విసుగైనా చూస్తేనే కదా కలిగేది. నేను చూడటమే మానేశాను. కొట్టుని, వీధిని, కూర ఏమిటని అడిగేవాళ్ళని, పక్కన కూర్చున్న బావని కూడా. గ్రూపులో వాళ్ళు లేని గొప్ప చూస్తున్నారని తిట్టుకున్నాను గాని, నేను ఉన్నది కూడా చూడటం లేదు. అది తెలిసినందుకు బాధ వేయాలి. బాధ కూడా రాలేదు, చెయ్యి మాత్రం నొప్పిపుట్టింది.

వాళ్ళు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. పిల్ల వెళ్తూ వెళ్తూ తప్పుపడ్డ పళ్ళేల వైపు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, పోయిన సంబంధాన్ని చూసినట్టు.

కొట్టు కట్టేసే ముందు బావతో అన్నాను. "ఎల్దాం బావా."

"మనస్ఫూర్తిగానేనా?"

"మనస్సేటీ నేదు. ఇక్కడుంటే నాకు ఏటీ కనిపించట్లేదు."

"కళ్ళ డాక్టరికి సూపిద్దామా పోనీ?" అన్నాడు. వేళాకోళమో నిజమో తెలీలేదు. అతన్ని చూడక ఎన్నాళ్ళయిందో అని మాత్రం అనిపించింది. మీసాల్లో తెలుపు వచ్చింది.

మధురవాడ వచ్చి ఏడాది కావస్తోంది. ఇక్కడ పేర్లు కొట్టించుకునేవాళ్ళు లేరు. మెరిసే కాగితం చుట్టి రిబ్బను కట్టి ఇమ్మంటారు. ఊరు రాయమంటారా అని మొదట్లో ఒకరిద్దరిని అడిగితే నన్ను వింతగా చూశారు. మిషను అట్టపెట్టెలో పడుకుంది. ఊరు మారితే లోపల ఏదో కదులుతుందనుకున్నాను. కదల్లేదు. బాల్కనీలో నిలబడితే ఎదురుగా బాల్కనీలు. లిఫ్టులో ఎదురైనవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఏం కూర అని ఎవరూ అడగరు. హాయిగా ఉందనుకోవాలి కాబట్టి అనుకున్నాను. గ్రూపులో పేట ఫోటోలు వస్తూనే ఉన్నాయి, చేతులు జోడించిన బొమ్మ పెడుతూనే ఉన్నాను.

తప్పుపడ్డ నలభై పళ్ళేలు ఇంకెవరికీ అమ్మలేం కదా. ముప్ఫై పేట ఇంట్లో ఉన్నాయి, పది మాతో వచ్చాయి. మా ఊరివాడు కాని మనిషికి మా ఊరు తగిలించి, రోజూ ఆ పళ్ళేల్లోనే అన్నం తింటున్నాం.

మొన్న బూరెలు వండి పక్క ఫ్లాటు ఆవిడకి ఒక పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. వాళ్ళది గుంటూరు వైపు. మర్నాడు పళ్ళెం ఖాళీగా ఇవ్వకుండా నాలుగు అరటిపళ్ళు పెట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి అంచు చదివింది.

"ఈయన మీ నాన్నగారాండీ?"

"కాదండీ. ఆయనెవరో భావనపాడాయన. ఊరు తప్పు రాశాను, అందుకని మా దగ్గరే ఉండిపోయాయి."

"మరి ఈ నరసన్నపేట?"

"అది మా ఊరు."

"అవునా! ఎలా ఉంటుంది? బాగుంటుందా?"

గ్రూపులో మాటలన్నీ నాలుక మీదకి వచ్చాయి. నీళ్ళు, వాన, మనుషులు. ఒక్కటీ పెదవి దాటలేదు.

"ఏటీ బాగోదండీ," అన్నాను. "నేను పుట్టింది అక్కడ."

ఆవిడ నేను నవ్వుతాలకి అన్నాననుకుని నవ్వి, పళ్ళెం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తలుపు వేసి వంటింట్లోకి వచ్చాను. అరటిపళ్ళు తీసి పక్కన పెట్టి, పళ్ళెం కుళాయి కింద పట్టాను. అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా తోమాను. పందొమ్మిదేళ్ళ కిందట అప్పగింతలప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.