మూట విప్పిన గింజలు

భద్రాచలం నుంచి వస్తున్న బస్సులో, నేను కాఫీ పొడి వ్యాపారినని తెలిసి, పక్కసీటులోని గుట్టల ఊరి ఆవిడ ఒళ్ళోని మూట విప్పింది. అందులో వేయించని కాఫీ గింజలున్నాయి. పచ్చగా ఉండాల్సినవి తెల్లగా పాలిపోయాయి. గోనె వాసన తప్ప ఏ వాసనా లేదు.

"మా ఆయన తెంపిన ఆఖరి కాపు అన్నా. ఆయన పోయి రెండేండ్లు. ఇన్నాళ్ళు అమ్మబుద్ధి కాలే. ఇప్పుడు ఎవరన్న కొంటరా?"

"గాలి తగిలి చెడిపోయినయి అక్కా," అన్నాను.

ఆమె ఒక గింజను వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"ఆయన యాదికొచ్చినప్పుడల్లా మూట విప్పి చూసుకున్న. గట్ల చేస్తేనే ఖరాబైనయా?"

విప్పిన ప్రతిసారీ గాలి, తేమ చేరాయని నాకు తెలుసు.

"కాదక్కా. కట్టే ఉంచినా రెండు వానాకాలాలకు గిట్లనే అయితుండె."

ఆమె తేలిగ్గా ఊపిరి తీసుకుని, గింజలు నిమిరి, మూట కట్టుకుంది. గింజల గురించి నేను అబద్ధమాడింది ఆ ఒక్కసారే.