రావచ్చాగారి పడవ

ముందుగా ఆ పుకారు సంగతి తేల్చెయ్యాలి. పడవ కెప్టెన్ దీవి వాళ్ళకు భయపడి, ఒడ్డు కళ్ళెదుట కనబడుతుండగానే లంగరు వేసుకుని పొద్దస్తమానం కూర్చున్నాడని, గెస్టులు లబోదిబోమన్నారని వీధంతా గుప్పుమంది. రేవులో బయల్దేరినప్పుడు ఆ మాట ఇంతే. మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి దీవి వాళ్ళ చేతుల్లోకి బల్లేలు వచ్చాయి. టైలరు కొట్టు దాటేసరికి అందులో ఒకటి కెప్టెన్ గారి తొడలో దిగబడింది. ఆ సాయంత్రమే ఆయన అదే తొడలతో సైకిలు తొక్కుకుంటూ వీధిలో పోయాడు. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. "చూశారా, కుంటుతున్న సంగతి తెలియకూడదనే సైకిలెక్కాడు" అన్నారు.

జరిగింది వేరు. ఆ పడవ మీద వంట చేసేది స్వయానా ఆయన అక్క. ఉప్పు డబ్బా ఎక్కడుందో మరచిపోతుందేమో గాని, ఎవరు ఎవరితో ఏమన్నారో మరచిపోయే మనిషి కాదు. ఇదంతా ఆవిడ చెప్పిందే.

కెప్టెన్ గారికి ఉన్నది భయం కాదు, అలవాటు. ఎక్కడికి వెళ్ళినా గుమ్మం బయట ఆగి, గొంతు సవరించుకుని, "రావచ్చా?" అంటాడు. లోపలి నుంచి జవాబు వస్తేనే అడుగు పెడతాడు. రాకపోతే అలాగే వెనక్కి తిరుగుతాడు. అందుకే ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన రావచ్చాగారే.

సెలూన్ తలుపు మీద 'లోపలికి రండి' అని ఇంతింత అక్షరాలతో బోర్డు ఉంది. దాని ముందే నిలబడి వానలో తడుస్తాడు గాని లోపలికి రాడు. "బోర్డు చదవడం రాదా సారూ?" అని సెలూన్ అతను ఒకసారి గట్టిగానే అడిగాడు. "అది అందరికీ చెప్పిన మాట బాబూ. నాకు మీరు చెప్పాలి" అన్నాడు ఈయన, తల మీంచి నీళ్ళు కారుతుంటే.

సొంత ఇంటి దగ్గరా అంతే. ఒకరోజు కూరగాయల సంచీతో వచ్చి "రావచ్చా?" అన్నాడు. భార్య స్నానాల గదిలో ఉంది, వినపడలేదు. ఈయన మెట్ల మీద కూర్చున్నాడు. ఎదురింటి వాళ్ళు చూశారు, పక్కింటి వాళ్ళకు చెప్పారు. మొగుణ్ణి బయటికి గెంటేసిందని నలుగురూ చేరారు. ఆవిడ తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి పంచాయితీ సగం అయిపోయింది, తప్పు ఆవిడదేనని తేలిపోయింది కూడా.

అక్క సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. తలుపులనేవి తోసుకుని వెళ్ళడానికే పెట్టారని ఆవిడ నమ్మకం. ఒకే కడుపున ఇద్దరూ ఎలా పుట్టారో మరి!

నేల మీదే ఇలా ఉన్నవాడు నీళ్ళ మీద ఊరుకుంటాడా? పడవంటే చేపల పడవ కాదు, తెల్లటి తెరచాపలున్న యాట్. సెలవులకు వచ్చినవాళ్ళను ఎక్కించుకుని, మ్యాపులో ఆవగింజంత కనబడే దీవి దాకా తీసుకెళ్ళి తీసుకొస్తుంది. దారిలో పక్షుల దిబ్బలు, పగడపు దిబ్బలు, తాబేళ్ళు. చివర ఆ దీవి మనుషులు, వాళ్ళు అల్లే చాపలు, పాడే పాటలు. లంగరు వేసే ముందు కెప్టెన్ గారు అడుగున అద్దం బిగించిన బకెట్టు నీళ్ళలో ముంచి, అందులో మొహం పెట్టి బోర్లా పడుకుంటాడు. కింద పగడం కనబడిందా, పడవ కదలాల్సిందే. ఇసుక దొరికేదాకా అలా జరుగుతూనే ఉంటారు.

"కింద కాపురాలున్నాయండీ. మనం భోంచేస్తుంటే నెత్తిన ఇనుపముక్క పడితే మనకెలా ఉంటుంది?" అంటాడు.

గెస్టులను నీళ్ళలోకి దింపినప్పుడు చూడాలి తమాషా. చిలక మూతుల చేపలు పగడాన్ని కొరుకుతుంటే కరకర వినపడుతుంది. పసుపువీ నీలంవీ గుంపులు గుంపులుగా పక్కనుంచే పోతుంటాయి. ఒకసారి రాతి సందులో ఆక్టోపస్ ఒకటి కూర్చుని ఉంది. ఈయన కాస్త దూరంలోనే ఆగి, నీళ్ళలో మాట రాదు గనక చెయ్యెత్తి నిలబడ్డాడు. అది ఒక గుల్లను లాక్కుని సందుకు అడ్డం పెట్టుకుంది. ఈయన వెంటనే పైకి తేలి, మూతికున్న గొట్టం తీసి, "ఇంట్లో లేరట, పదండి" అన్నాడు.

గెస్టులు నవ్వారు. ఈ సంగతి చెవినపడ్డ పడవ ఓనరు మాత్రం నవ్వలేదు. అంతకుముందు ట్రిప్పులో పక్షులు గుడ్ల మీదున్నాయని ఈయన ఒక దిబ్బ దగ్గరికి పోనివ్వలేదట. ఫోటోలు తియ్యలేకపోయామని ఎవరో ఫిర్యాదు చేశారు. "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే పడవ వేరేవాళ్ళకు అప్పజెబుతాను" అని ఓనరు తెగేసి చెప్పాడు. అక్కకు బెంగ పట్టుకుంది. సముద్రం తప్ప తమ్ముడికి ఇంకో బతుకుతెరువు తెలియదు. వేరే పని చూసుకుందామన్నా, ఏ ఆఫీసు వాళ్ళయినా బయటికొచ్చి పిలిస్తే తప్ప లోపలికి వెళ్ళడాయె.

ఆ బెంగతోనే ఈ ట్రిప్పుకి బయల్దేరారు. ఈసారి గెస్టుల్లో పెద్ద గొంతు ఒక పళ్ళ డాక్టరుది. నోళ్ళు తెరిచి కూర్చున్నవాళ్ళతోనే రోజంతా మాట్లాడే వృత్తి గనక, ఎదుటివాళ్ళు జవాబు చెబుతారన్న సంగతి ఆయనకు అలవాటు లేదు. భార్య మాత్రం నెమ్మదైన మనిషి. ఎవరు ఏమడిగినా "సరేనండీ" అనేది.

దీవి ముందుకు చేరగానే కెప్టెన్ గారు ఎప్పటిలాగే హారన్ ఒక్కసారి కొట్టాడు. దీవి వాళ్ళతో ఆయన ఏర్పాటు అది. హారన్ వింటే వాళ్ళు చిన్న పడవలో ఎదురొస్తారు, ఆ వెనకే వీళ్ళు ఒడ్డుకు వెళతారు. ఇదీ ఆయన "రావచ్చా?"నే, కాకపోతే కాస్త పెద్ద గొంతుతో.

ఆ రోజు పడవ రాలేదు.

"మళ్ళీ కొట్టండి" అన్నాడు డాక్టరు.

"వినపడే ఉంటుందండీ."

డాక్టరు బైనాక్యులర్స్ పెట్టి చూశాడు. "మనుషులు ఉన్నారయ్యా! అదిగో, ఒకడు మనవైపే చూశాడు. చూసి వెళ్ళిపోయాడు!"

"అంటే వినపడిందన్నమాట" అన్నాడు కెప్టెన్ గారు, ఎంతో తృప్తిగా. అని, ఒక నీడ చూసుకుని కూర్చుని తాడు ముడులు విప్పుకోసాగాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. డాక్టరు మొహం కూడా ఎర్రబడుతూ వచ్చింది. "ఇంతదూరం వచ్చింది ఒడ్డును కళ్ళతో చూడ్డానికా? పోనీ నేను ఈదుకుంటూ వెళ్ళవచ్చా?" అన్నాడు వెటకారంగా.

"వద్దండీ" అన్నాడు కెప్టెన్ గారు. జన్మలో మొదటిసారి ఎవరో తనను అడిగారు గదా, మొహమాటంతో చెవుల దాకా ఎర్రబడ్డాడు.

డాక్టరు తిన్నగా రేడియో దగ్గరికి వెళ్ళి ఓనరుకు చెప్పాల్సిందంతా చెప్పాడు. ఓనరు గొంతు వంటగదిలోకి కూడా వినపడింది. "వాళ్ళను దీవి మీద దింపు. లేదంటే రేవుకొచ్చాక నువ్వే దిగిపో!"

అక్క గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ రబ్బరు పడవ దింపరా. కాసేపు అటూ ఇటూ తిప్పి తీసుకొద్దువుగాని. వాళ్ళేమైనా కొడతారా?"

"కొట్టరక్కా. అదే కదా చిక్కు."

"ఏం చిక్కురా! ఉద్యోగం పోతుంది!"

"పోతే పోతుందేమో" అన్నాడు నెమ్మదిగా. కాని చేతిలో తాడు ముడి విప్పుతున్నవాడల్లా మళ్ళీ వేసుకుంటున్నాడు. అది అక్క కంట పడింది. గరిటె పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఎండ తగ్గుతున్న వేళ ఒడ్డు నుంచి చిన్న పడవ బయల్దేరింది. తెడ్డు వేస్తున్నది ఊరి పెద్దావిడ. పడవ పక్కకు చేరి, కెప్టెన్ గారి రెండు చేతులూ పట్టుకుని గడగడా మాట్లాడేసింది. వాళ్ళ భాష ఈయనొక్కడికే వచ్చు. విని, వెనక్కి తిరిగి చెప్పాడు.

"ఈవిడ మనవరాలికి తెల్లారుజామునుంచీ నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందట. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడే ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం."

"అయితే ఎవరో ఒకరొచ్చి ఆ ముక్క చెప్పవచ్చుగా? మేం పోయి ఓ పక్కన కూర్చునేవాళ్ళం" అన్నాడు డాక్టరు.

"వాళ్ళకు రాదండీ, వద్దనడం. కాలు ఇసుక మీద పడిందంటే మీరు అతిథులు. ఎంత కష్టంలో ఉన్నా వచ్చి చాపలు పరుస్తారు, వండిపెడతారు, పాడతారు. ఆ పిల్లను వదిలేసైనా సరే వస్తారు. హారన్ వినగానే ఈవిడ గుండె ఆగినంత పనయిందట, మనం దిగుతామేమోనని."

డాక్టరు ఏదో అనబోయాడు. అంతవరకూ నోరెత్తని భార్య కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"ఏమండీ, మన ఇంటికి మీ స్నేహితులు పదిమంది ఊడిపడిన రోజు నాకు జ్వరం. వంట చేశానా లేదా?"

"ఇప్పుడా సంగతెందుకోయ్?"

"చేశానా లేదా?"

"చేశావు."

"ఒక్కరైనా రావచ్చా అని అడిగారా?"

పళ్ళ డాక్టరు నోరు మూతపడింది. అక్క వంటగదిలోకి పోయి, డాక్టరు భార్య కోసం ప్రత్యేకంగా ఓ గ్లాసు టీ పెట్టుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే దీవి పడవలు వరస కట్టి ఎదురొచ్చాయి. అంతమంది ఎదురు రావడం ఈ పడవ వాళ్ళు అంతకుముందు చూడలేదు. చాపలు పరిచారు, పాడారు, పుట్టిన పిల్లను చూడమని లాక్కెళ్ళారు. అక్క ముందే తోసుకుని లోపలికి దూరిపోయి, బిడ్డను ఒళ్ళోకి తీసుకుని ముక్కు ఎవరిదో కూడా తేల్చేసింది. కెప్టెన్ గారు మాత్రం గుమ్మంలో ఆగి, గొంతు సవరించుకుని, "రావచ్చా?" అన్నాడు. బిడ్డ కెవ్వుమంది. "వద్దంటోంది" అని బయట అరుగు మీద కూర్చున్నాడు. అక్కడ అప్పటికే చేతులు కట్టుకుని పళ్ళ డాక్టరు కూర్చుని ఉన్నాడు. ఆయన్నూ వద్దందట.

రేవుకు తిరిగొచ్చేసరికి ఓనరు నడుం మీద చేతులు పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. అందరికన్నా ముందు దిగింది డాక్టరు భార్య.

"వచ్చే సెలవులకు మా అక్కచెల్లెళ్ళందరితో వస్తున్నాం. ఈ కెప్టెన్ గారయితేనే. వేరేవాళ్ళయితే వద్దు" అంది. ఆ 'వద్దు' అనడం ఆవిడకు ఎంత బాగుందో, రెండోసారి కూడా అంది.

ఓనరు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు భార్య వైపు చూసి, "ఆవిడ చెప్పిందే" అన్నాడు. ఓనరు కాసేపు తల గోక్కుని, పడవ తాళాలు కెప్టెన్ గారి చేతిలో పెట్టేసి వెళ్ళిపోయాడు. బల్లేల కథ ఆ తరువాత ఎవరు పుట్టించారో గాని, జరిగింది మాత్రం ఇదీ.

ఆ వారమే అక్క ఇంట్లో పకోడీలు వేస్తుంటే బయట గొంతు సవరించుకోవడం వినపడింది. ఆవిడ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసింది.

"దీవి వాళ్ళ సంగతి సరేరా, వాళ్ళకు వద్దనడం రాదు. నాకేం? నాకు నోరు లేదా? రావద్దనుకుంటే వీధి చివరికి వినపడేలా చెబుతాను. పైగా ఏనాడూ నిన్ను వద్దన్నది లేదు. ఇక్కడెందుకురా, ఇన్నేళ్ళుగా ఈ అడగడం?"

కెప్టెన్ గారు మెట్టు కిందే నిలబడి, తల వంచుకుని నవ్వాడు.

"నువ్వు రమ్మంటావని తెలుసక్కా. నీ నోట వినడానికి."